నాలుగు తెల్ల గీతలు

కదలకు అన్నారు మామయ్య. కదలడం లేదు, గంటన్నర నుంచి కదలడం లేదు, ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు, ఎందుకంటే చెయ్యి ఎత్తితే భుజం లేస్తుంది, భుజం లేస్తే బరువు జరుగుతుంది, బరువు జరిగితే ముందు చక్రం దగ్గర వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఆ తేడాని ఆయన చేతిలో స్టీలు స్కేలు పట్టుకుంటుంది, ఆ పట్టుకున్నదంతా చివరికి నా నెత్తి మీదికే వస్తుంది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయడం నా ఉద్యోగం. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఊళ్ళో వాళ్ళందరికీ కదలకండి, ఊపిరి బిగబట్టండి, కదలకండి అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టించుకునే దాన్ని. ఇవాళ సెలవు పెట్టుకుని మరీ నేనే బొమ్మలా కూర్చున్నాను. వాళ్ళందరి ఉసురూ కలిసి ఇలా తగిలినట్టుంది. సస్పెన్షన్ సరిచేసేటప్పుడు కారు నడిపే మనిషి బరువు సీట్లో ఉండి తీరాలట. ఇసుక బస్తా పెట్టుకోవచ్చు కదా మామయ్యా అంటే, 'ఇసుక బస్తాకి మలుపులో భయం వేస్తుందా? నువ్వు భయపడి ఒక పక్కకి ఒరుగుతావు. ఆ ఒరిగే మనిషే కావాలి నాకు' అన్నారు. పొద్దున అత్తయ్య బరువు చూసుకునే మిషన్ షెడ్డు ముందుకి తెచ్చి నన్ను దాని మీద నిలబెట్టి, అంకె నా చేతే చదివించి, ప్రహరీ అవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తుండగా 'అరవై మూడున్నర!' అని వేలంపాటలో అరిచినట్టు అరిచారు. ఆవిడ చేతిలో క్లిప్పు కింద పడింది. ఈ పాటికి వీధి చివరిదాకా చేరి ఉంటుంది నా బరువు.

అది కాదు ఇప్పుడు నా బాధ. నా బాధ ఎడమవైపు ముందు చక్రం దగ్గర ఉంది, సీట్లోంచి నాకు కనపడదు, అయినా అదొక్కటే కనపడుతోంది. ఈ కారు పెట్టెల్లో ముక్కలుగా వచ్చింది. ఇద్దరు పట్టే బుల్లి కారు. గొట్టాలూ రేకులూ చక్రాలూ వాళ్ళు పంపుతారు, అతుక్కోవడం, బిగించుకోవడం, తిట్టుకోవడం మన వంతు. వీధిలో అందరూ దీన్ని డబ్బా అంటారు. ఏడాదిన్నర నుంచి సెలవు దొరికిన ప్రతి రోజూ మామయ్యా నేనూ ఈ డబ్బాతోనే ఉన్నాం. మా ఆయనకి బస్సు హారన్ వింటేనే కడుపులో తిప్పుతుంది, నిమ్మకాయ జేబులో లేకుండా ప్రయాణం చెయ్యడు. నాన్నకి నేను కొడుకునీ నువ్వు కూలీవీ అని నవ్వుతాడు, నవ్వి అన్నం తిని నిద్రపోతాడు. కొలతలు మొదలుపెట్టిన రోజే మామయ్య నీళ్ళ గొట్టంతో నేల లెవెల్ చూసి, పల్లం ఉన్న రెండు చోట్ల టైర్ల కింద పల్చటి రేకులు పెట్టారు. ముందు టైర్ల కింద రేకుల మధ్య గ్రీజు రాశారు, చక్రం తనంత తాను పక్కకి జారి సర్దుకోవడానికి. కారుకి రెండు పక్కలా నాలుగు స్టాండ్ల మధ్య గాలం దారం బిగువుగా లాగి కట్టారు. ఆ దారం నుంచి చక్రం ముందు అంచుకి ఎంత, వెనక అంచుకి ఎంత అని కొలిస్తే చక్రాలు ముక్కుసూటిగా చూస్తున్నాయో మెల్లకన్ను పెడుతున్నాయో తెలుస్తుంది. కానీ అంతదాకా రాలేదు మేము. ముందు కారు సమంగా నిలబడాలి. నిలబడటం లేదు. నేల నుంచి ఫ్రేము అడుగుకి కుడివైపు నూట ముప్ఫై, ఎడమవైపు నూట నలభై ఒకటి. పదకొండు మిల్లీమీటర్లు. బొటనవేలి గోరంత లేదు, ఇంట్లో మాత్రం మూడు రోజులుగా ఎవరికీ తిన్నది ఒంటపట్టడం లేదు.

నాకు తెలుసు ఎందుకో. నాకు మాత్రమే తెలుసు. మూడు రోజులుగా తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచేవి పైనొకటి కిందొకటి రెండు ఆర్ములు, ఒక్కో ఆర్ముకి రెండేసి బోల్టులు, మొత్తం నాలుగు. బోల్టు దగ్గర ఇనుముకీ ఇనుముకీ మధ్య రబ్బరు బుష్ ఉంటుంది. బోల్టు బిగించిన క్షణంలో రబ్బరు ఎలా ఉందో అదే దానికి విశ్రాంతి. చక్రం నేల మీద ఉండగా, కారు బరువూ మనిషి బరువూ పడ్డాక బిగించాలి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడటానికే అలవాటు పడుతుంది, తర్వాత కిందికి దించి బరువు వేస్తే మెలితిరిగి కారుని పైకి తోస్తూనే ఉంటుంది. ఇదంతా నాకు చెప్పింది మామయ్యే, కుడివైపు నాలుగు బోల్టులూ బిగిస్తూ చెప్పారు. 'బరువు పడకముందు ఏదీ గట్టిగా బిగించకూడదమ్మాయ్. వేళ్ళతో తిప్పి వదిలెయ్, అంతే.' నేను తలూపాను. నాకు ఒకసారి చెబితే చాలు, అర్థం అవుతుంది. అర్థం కాక చేసిన పని కాదది.

ఆ రోజు ఆయన కళ్ళ ఆసుపత్రికి వెళ్ళారు, అత్తయ్య పట్టుబట్టి లాక్కెళ్ళింది. షెడ్డులో నేనొక్కదాన్నే. కారు స్టాండ్ల మీద ఉంది, చక్రాలు నాలుగూ గాల్లో ఉన్నాయి. వచ్చేసరికి ఎడమవైపు పూర్తిచేసి పెడితే ఏమంటారో చూడాలనిపించింది. కింద పాకి, పొడుగు స్పానర్ వేసి, కాలు గోడకి తన్నిపెట్టి, నాలుగూ బిగించాను. మూడోది బిగిస్తుండగా గుర్తొచ్చింది. నిజంగా గుర్తొచ్చింది, ఆ మాటలు ఆయన గొంతుతో సహా వినపడ్డాయి. అప్పుడు ఆగి ఉంటే సరిపోయేది. కానీ జాకీ పెట్టి, నాలుగు స్టాండ్లూ తీసి, దించి, సీట్లో ఎవర్నో కూర్చోబెట్టి, మళ్ళీ మొదట్నుంచా అనిపించింది, రబ్బరు ముక్క కదా, దానికి ఇంత పట్టింపు ఎందుకులే అనిపించింది. నాలుగోదీ బిగించాను. పెయింటు డబ్బా మూత తీసి ఒక్కో నట్టు మీదుగా ఫ్రేము మీదికి తెల్ల గీత గీశాను. ఆ గీత ఉంటే ఆ బోల్టు సంగతి అయిపోయినట్టు, ఇక ఎవరూ దాన్ని ముట్టుకోనక్కర్లేదు, అది మా ఇద్దరి మధ్యా ఒప్పందం. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి, కళ్ళల్లో వేసిన చుక్కల మందుకి నీళ్ళు కారుతుండగానే వంగి చూసి, గీతలు చూసి, మొహం విచ్చుకుని, 'బరువు మీదే బిగించావా?' అన్నారు. ఆఁ అన్నాను. అంతే. మాట కూడా కాదది. దాని మీద ఇప్పుడు పదకొండు మిల్లీమీటర్లు ఎత్తున కూర్చున్నాను నేను.

'ఎంతసేపు కూర్చోబెడతారండీ ఆ పిల్లని, పొదిగే కోడిలా?' అత్తయ్య టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. చీర కుచ్చెళ్ళు పట్టుకుని దారం దాటబోతుంటే మామయ్య, 'దారం! దారం!' అని కేక పెట్టారు. 'మీ దారాన్ని ఎవడెత్తుకుపోతాడు' అంటూ చుట్టూ తిరిగి వచ్చి నా నోటి దగ్గరే గ్లాసు పెట్టింది, నేను చెయ్యి ఎత్తకూడదని ఆవిడకీ తెలుసు. రెండు గుక్కలు తాగాను. టీ బరువు ఎంతుంటుందో అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఆవిడ వంగి గ్లాసు తీస్తూ చెవిలో, 'రాత్రంతా నిద్రపోలేదే ఆయన. చేతులు చూసుకుంటూ కూర్చున్నారు' అంది. ఎడమ కన్నులో నరం దెబ్బతింటోందని డాక్టరు చెప్పాడట, కుడిదీ చూసుకోవాలన్నాడట. డాక్టరు దగ్గర దీపమే మసకగా ఉంది, వాడికి నేను మసకగా కనపడ్డాను అని జోకు వేసి ఆయన ఆ సంగతి అక్కడితో తుడిచేశారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు లేతు మిషన్ మీద పని చేసిన మనిషి. నూలుపోగంత తేడాని వేలితో చెప్పేవారట. ఇప్పుడు ఆ మనిషి నేల మీద బోర్లా పడుకుని, ఎడమవైపు ఆర్ములు బిగించే బ్రాకెట్‌ని చూస్తున్నారు. ఆ బ్రాకెట్ వెల్డింగ్ ఆయనదే, నాలుగు నెలల కిందట అతికారు.

స్ప్రింగులు అటువి ఇటు ఇటువి అటు మార్చి చూశారు నిన్న, అదే పదకొండు. టైర్లలో గాలి చూశారు. నేల మళ్ళీ చూశారు. స్ప్రింగుని కింద మోసే మరచుట్టు కాలర్ తిప్పి కారుని దించొచ్చు కదా అంటే, 'దించొచ్చు. కొలత సరిపోతుంది, బరువు సరిపోదు. ఆ మూల చేత అబద్ధం చెప్పించినట్టు అవుతుంది' అన్నారు. అబద్ధం అన్న మాట వినగానే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను స్టీరింగ్ తుడిచాను. ఒక్కొక్కటే తీసేస్తూ తీసేస్తూ ఇప్పుడు మిగిలింది ఒకటే, తన చేత్తో అతికిన బ్రాకెట్. తెల్ల గీతలు ఉన్న బోల్టుల వంక ఆయన చూడను కూడా చూడటం లేదు. గీత ఉంది కదా, ఇంక అనుమానం దేనికి. నన్ను అనుమానించడం చేతకాక ఆయన్ని ఆయనే అనుమానిస్తున్నారు.

'మళ్ళీ కొలుస్తాను. ఊపిరి మెల్లగా పీల్చు' అన్నారు కింద నుంచి. స్కేలు నేలకి ఆనిన చప్పుడు. తర్వాత చిన్న గీరిన చప్పుడు, టిక్ టిక్ టిక్ అని, స్కేలు మీద గోరు నడుస్తున్నట్టు. ఈ చప్పుడు ఈ మధ్యే వింటున్నాను, ఇదివరకు వినలేదు. చాలాసేపటికి, 'నలభై ఒకటే' అన్నారు. ఆ గొంతు మా ఆసుపత్రి వరండాలో రిపోర్టు కోసం కూర్చున్న వాళ్ళ గొంతులా ఉంది. తర్వాత లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కారుతో చెబుతున్నట్టు, 'నేనే వంకరగా అతికాను. అప్పటికే చూపు పోయిందన్నమాట. కోసేస్తాను' అన్నారు. 'కోసి మళ్ళీ అతుకుతారా?' అన్నాను. 'ఎవరైనా అతుకుతారు. వంకరగా అతికిన చేతులకి మళ్ళీ పని చెప్పను నేను. షెడ్డు తాళం అబ్బాయికి ఇచ్చేస్తాను, సైకిళ్ళు పెట్టుకుంటాడు.' కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఇనుము కోసే గ్రైండర్ గోడ మేకుకి వేలాడుతోంది. ఆయన అటు నడుస్తున్నారు, దారం దగ్గర ఆగి కాలు ఎత్తి జాగ్రత్తగా దాటుతున్నారు, అంత బాధలోనూ దారాన్ని ముట్టుకోవడం లేదు. చెప్పెయ్, చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్. చెబితే ఏమవుతుంది, తిడతారు, తిట్టరు, తిట్టకుండా స్పానర్ తీసుకుని పక్కన పెడతారు, నువ్వెళ్ళి టీ పెట్టమ్మాయ్ అంటారు, ఆ ఒక్క మాటకే నాకు భయం. మా పుట్టింట్లో నేను ఏది పట్టుకున్నా అమ్మ వచ్చి చేతిలోంచి లాక్కునేది, ఇలా తే, నీ చేత కాదు, కుట్టు మిషన్, పెన్సిలు చెక్కే కత్తి, చివరికి కుళాయికి బిగించే పైపు కూడా. పాతికేళ్ళు వచ్చేదాకా నా చేతులు నావి కాదన్నట్టు ఉండేది. పెళ్ళయిన రెండో నెలలో ఈ షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తుంటే మామయ్య తల ఎత్తకుండానే పద్నాలుగో నంబరు స్పానర్ చాచి, 'ఇది పట్టు, అది తిప్పు' అన్నారు. తప్పు దిక్కుకి తిప్పాను. ఆయన చూశారు, నవ్వారు, స్పానర్ మాత్రం లాక్కోలేదు, నా అంతట నేను దిక్కు మార్చేదాకా ఆగారు. ఎక్స్‌రే గదిలో కొందరు ఉంటారు, కదిలిపోతారు, కదిలారా అంటే లేదమ్మా లేదు అని ఒట్టేస్తారు, తీరా బొమ్మలో ఎముక రెండుగా కనపడుతుంది. నోటితో ఏం చెప్పినా ఎముక చెప్పేస్తుంది. వాళ్ళ మీద నాకు ఎంత చిరాకో. ఇంత చిన్న విషయానికి అబద్ధం ఎందుకు అనుకునేదాన్ని. ఇంత చిన్నది కాబట్టే చెబుతారని ఇప్పుడు తెలుస్తోంది, చిన్నదే కదా అని చెబుతారు, తర్వాత దాని మీద మనుషులు ఎక్కి కూర్చుంటారు.

ప్లగ్గు పెట్టిన చప్పుడు. గ్రైండర్ ఒక్కసారి గుర్రుమని ఆగింది, సరిచూసుకున్నారు. కళ్ళకి అద్దాలు పెట్టుకున్నారు, పైన నిప్పురవ్వలు తగలకుండా ఇంకో అద్దాలు. మోకాళ్ళ మీద కూర్చుని తెల్ల సుద్దతో బ్రాకెట్ మీద కోయవలసిన చోట గీత గీస్తున్నారు, గీత రెండుసార్లు తప్పింది, వేలితో తుడిచి మళ్ళీ గీశారు. ఆ వెల్డింగ్ నాకు తెలుసు, అతికిన రోజు చల్లారాక నేనే చెయ్యి పెట్టి చూశాను, నున్నగా పేర్చిన నాణేల్లా ఉంది వరస. అది కోసేస్తారు. నిప్పురవ్వలు లేస్తాయి, రెండు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత బ్రాకెట్ లేని చోట కారు ఎత్తుందో పల్లముందో ఎవరికీ తెలీదు, నా బోల్టుల సంగతి ఎప్పటికీ బయట పడదు. బయట పడదు. నాలో నాకే ఒక మనిషి పరిచయమైనట్టు ఉంది, ఆ మనిషి నాకు నచ్చలేదు. గ్రైండర్ మొదలైంది. షెడ్డు రేకులు గణగణలాడుతున్నాయి. గాలం దారం సన్నగా వణుకుతోంది.

లేచాను. కదలకు అన్న సీట్లోంచి అరవై మూడున్నర కిలోలూ ఒక్కసారి లేచాను, కారు కిందా మీదా ఊగింది, దారం కట్టిన స్టాండు మీద పడ్డాను, దారం తెగి మొహానికి చుట్టుకుంది. 'మామయ్యా ఆపండి! ఆపండి! బ్రాకెట్ కాదు, నేను!' ఆయనకి వినపడలేదు. కారు పక్క రేకుని కాలితో తన్నాను. తలెత్తారు. గ్రైండర్ ఆగింది గానీ దాని కోత చక్రం తిరుగుతూనే ఉంది, అది ఆగేదాకా ఆగలేక ఆ రొదలోనే చెప్పాను. 'బోల్టులు గాల్లో బిగించాను. ఎడమవైపు నాలుగూ. చక్రం వేలాడుతుండగానే.'

అద్దాలు నుదుటి మీదికి తోసి చూశారు. 'ఎప్పుడు?'

'మీరు ఆసుపత్రికి వెళ్ళిన రోజు.'

'నేను అడిగాను కదా.'

'అడిగారు.'

'ఆఁ అన్నావు.'

'అన్నాను మామయ్యా.'

ఆయన ప్లగ్గు తీశారు. గ్రైండర్ తీగని మోచేతికీ అరచేతికీ మధ్య వేసి, ఒక్కో చుట్టా సరిచేస్తూ చుట్టారు, చివర ముడి వేశారు, మేకుకి తగిలించారు. నాకు ఏడుపు ఆగలేదు, శబ్దం రాకుండా ఏడవాలని చూశాను గానీ ముక్కు ఎగబీల్చిన చప్పుడు షెడ్డంతా వినపడింది. 'కూర్చో' అన్నారు. ఎక్కడ అని చూశాను. 'సీట్లో. బరువు కావాలి.'

కూర్చున్నాను. స్పానర్ తీసుకుని కిందికి పాకారు. మొదటి బోల్టు కిర్రుమని వదులైంది. రెండోది. మూడోది వదులవగానే ఏదో లోపల టక్‌మంది, నా ఎడమ తుంటి కింద నేల కొంచెం దిగినట్టు అనిపించింది. నాలుగోది వదిలేసరికి కారు, ఎక్కువసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు, మెల్లగా కిందికి కూర్చుంది. నేనూ కూర్చున్నాను దానితోబాటు. స్కేలు నేలకి ఆనిన చప్పుడు వచ్చింది. గోరు చప్పుడు వచ్చింది, టిక్ టిక్ టిక్, ఆగింది, మళ్ళీ మొదట్నుంచి టిక్ టిక్, ఆగింది. తర్వాత కారు పక్క నుంచి స్కేలు పైకి వచ్చింది, దాని వెనక గ్రీజు చెయ్యి.

'నువ్వు చదువు' అన్నారు. మొహం కనపడటం లేదు, చెయ్యి మాత్రమే. 'మూణ్ణెల్లుగా నాకు అంకెలు కనపడట్లేదమ్మాయ్. పది గీత పొడుగ్గా ఉంటుంది కదా, గోటితో తడుముతూ అక్కణ్ణుంచి లెక్క పెడుతున్నాను. ఒకటి అటూ ఇటూ పోతోందేమో. ఎవరికీ చెప్పలేదు.'

స్కేలు అందుకున్నాను. 'నేను దిగితే బరువు పోతుంది కదా' అన్నాను. ఆయన బయటికి వచ్చి, మోకాళ్ళు దులుపుకుని, బరువు మిషన్ ఎక్కారు. ఎంత అన్నట్టు నా వంక చూశారు. దిగి వెళ్ళి ముల్లు చూసి, 'యాభై ఎనిమిది' అన్నాను. స్పానర్ల సంచీ భుజాన వేసుకున్నారు. 'అరవై ఆరు.' రెండు సుత్తులు తీసి కింద పెట్టారు. 'అరవై మూడున్నర.' 'ఇప్పుడు నేను నువ్వు' అని సంచీతో సహా వెళ్ళి సీట్లో కూర్చున్నారు. సంచీ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకున్నారు. నేను బానెట్ మీద అరచేతులు ఆన్చి రెండుసార్లు నొక్కి వదిలాను, కారు ఊగి సర్దుకుంది. నేల మీద బోర్లా పడుకున్నాను. పైన ఆయన మెడ తిప్పి చూడబోతుంటే సంచీలో స్పానర్లు గలగలమన్నాయి.

'కదలకండి' అన్నాను, నా ఉద్యోగం గొంతుతో. 'ఊపిరి బిగబట్టండి.' ఆయన బిగబట్టారు.

కుడివైపు నూట ముప్ఫై, ఆయన గోరు ఒక్క గీత కూడా తప్పలేదు. ఎడమవైపు చూశాను. నూట ముప్ఫై మూడు. ముప్ఫై అనేస్తే ఎంత బాగుంటుంది, మొహం విచ్చుకుంటుంది, మూడు గీతలు, ఆయనకి ఎలాగూ కనపడవు. 'ముప్ఫై మూడు' అన్నాను.

పైన ఊపిరి వదిలిన చప్పుడు. 'అయితే ఎనిమిది నీవి, మూడు నావి' అన్నారు. ఆ తర్వాత ఆయన నవ్వారు, మూడు రోజుల తర్వాత నవ్వారు, సంచీ కూడా నవ్వింది. 'మూడుకి బ్రాకెట్ కొయ్యక్కర్లేదులే. ముందు బిగించు. దారం మళ్ళీ కట్టాలి, తెంపావు కదా.'

పద్నాలుగో నంబరు స్పానర్ సంచీలోంచి తీసి చాచారు. నా పాత తెల్ల గీతలు నట్టు మీద సగం, ఫ్రేము మీద సగం, వేరువేరుగా విడిపోయి ఉన్నాయి. నాలుగూ కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. మొదటి బోల్టుకి స్పానర్ వేసి, కాలు గోడకి తన్నిపెట్టి, బిగించాను. రెండోది, మూడోది, నాలుగోది. బరువు మీదే బిగించావా అని ఈసారి ఆయన అడగలేదు. బరువు ఆయనే.